అటక మీద కాపురం: కొత్త లాప్‌టాపులో పాత ఎక్స్‌పీ

సంక్రాంతికి ఊరెళ్ళిన సాఫ్ట్‌వేరు ఇంజనీరుకి రెండు పనులు తప్పవు. ఒకటి, ఎవరో ఒకరి ఫోనులో స్టోరేజీ ఖాళీ చేసిపెట్టడం. రెండు, తెలిసినవాళ్ళ ప్రెస్సులోనో, డీటీపీ సెంటరులోనో కొత్తగా కొన్న లాప్‌టాపులో "పాత తెలుగు" ఎక్కించిపెట్టడం. రాజమండ్రి, అమలాపురం, తణుకు, భీమవరం... ఊరేదైనా కథ ఒకటే. కొత్త మెషీనులో విండోస్ 11 ఉంటుంది. వాళ్ళకి కావలసింది పేజ్‌మేకరు, పాత తెలుగు ఫాంట్లు, ఇరవై ఏళ్ళుగా వేళ్ళకి అలవాటైన కీబోర్డు. మనం వర్చువల్‌బాక్స్ దింపుతాం, దాన్లో ఎక్స్‌పీ ఎక్కిస్తాం, ఆ పచ్చటి కొండ వాల్‌పేపరు కనపడగానే "అయిపోయిందండీ" అని చేతులు దులుపుకుంటాం. వాళ్ళు సంతోషం, మనం సంతోషం.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. అక్కడ పని అయిపోలేదు, అక్కడ మొదలవ్వాలి. వర్చువల్ మెషీను పెట్టి వదిలేసి రావడం సాయం కాదు, రోగాన్ని ఇంకో ఐదేళ్ళు ముదరబెట్టడం. పైగా ఆ ఐదేళ్ళు కూడా ఇప్పుడు గ్యారంటీ లేదు.

గోదావరి వరదలు చూసినవాళ్ళకి అటక అంటే ఏంటో చెప్పక్కర్లేదు. నీళ్ళు వస్తున్నాయని తెలియగానే బియ్యం బస్తాలు, దస్తావేజులు, పిల్లల పుస్తకాలు పైకెక్కిస్తారు. ప్రాణం కాపాడేది అదే. కానీ నీళ్ళు తీశాక కిందకి దించుకుంటారు, ఇల్లు కడుక్కుంటారు. అటక మీదే పొయ్యి పెట్టుకుని కాపురం చేసేవాడు నాకు ఇంతవరకూ కనపడలేదు. వర్చువల్ మెషీను అలాంటి అటక. మనవాళ్ళు దాని మీద కాపురం పెట్టేశారు, నిచ్చెన వేసింది మనమే.

సరే, అసలు ఈ అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం.

పేజ్‌మేకరు 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబ్ దాన్ని ఆపేసింది. అంటే రెండు దశాబ్దాలు దాటింది. దానికి యూనికోడు అంటే తెలీదు. కాబట్టి దాన్లో తెలుగు కనపడాలంటే అను, శ్రీలిపి లాంటి ఆ కాలపు ఫాంట్లే గతి. ఇంకా పాత సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలర్లు కొన్ని 16 బిట్‌వి. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములని దగ్గరికే రానివ్వదు. విండోస్ 11 అయితే 64 బిట్‌లో తప్ప రానే రాదు. దానికి తోడు కొన్ని సాఫ్ట్‌వేర్లకి హార్డ్‌వేరు లాకులుండేవి. ప్రింటరు పోర్టుకి తగిలించుకునే లాకు ఇప్పటి లాప్‌టాపులో ఎక్కడ తగిలిస్తారు? ఆ పోర్టే లేదు. వీటన్నిటికీ పైన, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పాత మెషీను మూలపడితే కొత్తది కొనాలి, కొత్తదాన్లో పాతది నడవాలంటే వర్చువల్ మెషీనే.

ఇంతవరకూ ఎవరి తప్పూ లేదు. ప్రెస్సు ఆయన కంప్యూటరు సైన్సు చదవలేదు. ఆయనకి రేపు పొద్దున్నకల్లా శుభలేఖలు కావాలి. తప్పు ఎక్కడుందంటే, ఆ ఫైళ్ళలో ఏముందో తెలిసీ నోరెత్తని మన దగ్గరుంది.

ఏముంది ఆ ఫైళ్ళలో? తెలుగు ఉంది అనుకుంటున్నారా? లేదు. అక్షరాల బొమ్మల వరుస ఉంది.

పాత లెటర్‌ప్రెస్సులో కంపోజింగు చూసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. చెక్క కేసులో గళ్ళుంటాయి, గడికో అచ్చుముక్క. కంపోజిటరు ఒక్కో ముక్కా తీసి పేరుస్తాడు. ఈ ఫాంట్లు చేసిందీ అదే. 8 బిట్ ఫాంటులో మొత్తం 256 గళ్ళు, అందులో వాడుకోగలిగేవి ఇంకా తక్కువ. ఇంగ్లీషు అక్షరాలుండాల్సిన గళ్ళలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టుకొక గడి, గుడికొక గడి, వత్తుకొక గడి. ఫాంటు ఉన్నంతసేపూ తెరమీద "రాజమండ్రి" అని ముత్యాల్లా కనపడుతుంది. ఫాంటు తీసేయండి, ఇంగ్లీషు అక్షరాలూ, ప్రశ్నార్థకాలూ, పౌండు గుర్తులూ కలిపి పిల్లి నడిచిన కీబోర్డులా ఉంటుంది. మీరు ఆ ఫైలులో "రాజమండ్రి" అని వెతికితే ఎప్పటికీ దొరకదు. ఎందుకంటే అందులో ఆ మాట లేదు.

ఆ రోజుల్లో అలా చేయడం తెలివితక్కువ పనేం కాదు. వేరే దారి లేదు మరి. తెలుగు పత్రికలు, పుస్తకాలు కంప్యూటరు మీదకి వచ్చాయంటే ఆ ఫాంట్లు చేసినవాళ్ళ చలవే. వాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ తెలుగుకి యూనికోడులో చోటు 1991లో మొదటి వెర్షన్‌లోనే వచ్చింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో పాటే మైక్రోసాఫ్ట్ ఒక యూనికోడు తెలుగు ఫాంటు ఇచ్చింది. దాని పేరేంటో తెలుసుగా? గౌతమి. మన గోదావరి పాయ పేరే! ఎక్కడో అమెరికాలో తయారైన విండోసుకి గౌతమి పేరు తెలిసింది, గౌతమి ఒడ్డున మాత్రం పాతికేళ్ళ తర్వాత కూడా అదే ఎక్స్‌పీని వర్చువల్ మెషీనులో పెట్టుకుని, అందులో ఉన్న గౌతమిని వదిలేసి పాత గళ్ళ ఫాంట్లతోనే టైపు చేస్తున్నాం. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

ఇక్కడ మన ఐటీ జనానికి ఒక విషయం గుర్తు చేయాలి. 1990ల చివర్లో మనవాళ్ళు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానాలెక్కింది దేనికి? రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడానికి. వైటూకే! అవతలవాళ్ళ బ్యాంకుల్లో, ఇన్సూరెన్సు కంపెనీల్లో మూలుగుతున్న ముప్ఫై ఏళ్ళ పాత డేటాని జాగ్రత్తగా మార్చిపెట్టి ఇళ్ళు కట్టుకున్నాం, పొలాలు కొనుక్కున్నాం. కోనసీమలో ఎన్ని డాబాల పునాదుల్లో వైటూకే కాంక్రీటు ఉందో! ఆ తర్వాత కూడా మన ఉద్యోగాల్లో సగం "లెగసీ మైగ్రేషన్" పేరు మీదే నడిచాయి, ఇప్పటికీ క్లౌడు పేరుతో నడుస్తూనే ఉన్నాయి. మైగ్రేషను అంటే ఏంటో, దానికి ప్లాను ఎలా రాయాలో, టెస్టింగు ఎలా చేయాలో మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అలాంటి మనం సొంత భాష దగ్గరికొచ్చేసరికి "వీఎం వేసిచ్చాను, నడుస్తోందిగా" అంటున్నాం. ఇదే ముక్క ఆఫీసులో క్లయింటుతో అని చూడండి. ప్రాజెక్టులో ఉంటారా?

పోనీ, వీఎం ఎల్లకాలం నడుస్తుందా అంటే అదీ లేదు. చాలామందికి ఇంకా ఎక్కని విషయం ఇదే.

వర్చువలైజేషను అంటే ఒక ప్రాసెసరు మీద అదే జాతి ప్రాసెసరుకి రాసిన ఇంకో ఓఎస్‌ని దాదాపు నేరుగా నడిపించడం. ఎక్స్‌పీ రాసింది ఇంటెల్, ఏఎండీల ఎక్స్86 కోసం. 1999లో వీఎంవేరు మొదటి వర్క్‌స్టేషను వచ్చినప్పటి నుంచి మొన్నమొన్నటి వరకూ లాప్‌టాపుల్లో చాలామటుకు ఆ జాతివే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. 2005లో ఇంటెల్, ఆ మరుసటేడు ఏఎండీ ప్రాసెసరులోనే దీనికి సాయం పెట్టాయి, ఇంకా సుఖమైంది.

2020 నవంబరులో యాపిల్ ఎం1 మాకులు వచ్చాయి. ఆర్మ్ జాతి. బూట్‌క్యాంపు పోయింది. అందులో పారలల్స్ మీద విండోస్ నడుస్తుంది, నిజమే, 2023లో మైక్రోసాఫ్ట్ దానికి అధికారికంగా ఒప్పుకుంది కూడా. కానీ అది ఆర్మ్ విండోస్ 11. ఎక్స్‌పీ కాదు. ఎక్స్‌పీ కావాలంటే యూటీఎం లాంటిదాంతో ఎమ్యులేషను చేయాలి, అంటే ఒక్కో ఇన్‌స్ట్రక్షనూ అనువాదం చేసుకుంటూ పోవాలి. నడుస్తుంది, పెళ్ళిలో పెద్దాయన నడిచినట్టు నడుస్తుంది. 2024లో స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్లతో మరిన్ని విండోస్ లాప్‌టాపులు ఆర్మ్‌లోకి వచ్చాయి. వాటిలో మామూలు పాత ప్రోగ్రాములు ఎమ్యులేషనులో నడుస్తాయి గానీ పాత డ్రైవర్లు నడవవు. హార్డ్‌వేరు లాకు బతికేది డ్రైవరు మీదే కదా. వర్చువల్‌బాక్స్ ఈ కొత్త మెషీన్ల మీదకీ వచ్చింది, కానీ వాటిలో అది నడిపేది ఆర్మ్ ఓఎస్‌లనే.

"మేం ఇంటెల్ లాప్‌టాపే కొంటాంలే" అంటారా? అక్కడ కూడా పరిస్థితి మారింది. చాలా లాప్‌టాపుల్లో బయోసులోకి వెళ్ళి వర్చువలైజేషను ఆన్ చేస్తే తప్ప వీఎం లేవదు. లేచాక చూస్తే, విండోస్ 11 తన భద్రత కోసం హైపర్‌వైజరుని ముందే ఆక్రమించుకుని ఉంటుంది. అప్పుడు వర్చువల్‌బాక్స్ దాని నెత్తిమీద కూర్చుని నడవాలి. వీఎం విండో కింద చిన్న తాబేలు బొమ్మ ఎప్పుడైనా గమనించారా? అది అలంకారం కాదు. "నేను నెమ్మదిగా నడుస్తున్నాను బాబూ" అని వర్చువల్‌బాక్స్ పెట్టుకున్న మొర. దాన్ని పోగొట్టాలంటే విండోస్ భద్రతని తగ్గించాలి. అంటే పాతదాని కోసం కొత్తదాని తాళం తీయడం. ఏం న్యాయం ఇది?

మైక్రోసాఫ్ట్ వాళ్ళే 2009లో విండోస్ 7తో పాటు ఎక్స్‌పీ మోడ్ అని ఒకటిచ్చారు. అదీ వర్చువల్ మెషీనే. కంపెనీలు మారేలోపు ఊపిరి తీసుకోడానికి. 2014 ఏప్రిలులో ఎక్స్‌పీతో పాటే దానికీ మద్దతు ఆపేశారు. ఇచ్చినప్పుడే గడువుతో ఇచ్చారన్నమాట. మనం ఇచ్చేదానికి గడువేది?

రాజమండ్రిలో నాకు తెలిసిన ఒక ప్రెస్సు పెద్దాయనతో ఇదే వాదన జరిగింది. చిన్నప్పటి నుంచి ఎరుగున్న మనిషి.

"బాబాయ్ గారూ, ఈ ఫైళ్ళన్నీ యూనికోడులోకి మార్చేద్దామండి" అన్నాను.

"ఎందుకండి బాబూ? బొమ్మొచ్చింది, ప్రింటొస్తోంది. ఇంకేం కావాలండి?"

"మీరు అచ్చేసిన శతకం ఒకటి, దానిలో ఫలానా పద్యం ఏ పేజీలో ఉందో వెతికి చెప్పండి చూద్దాం."

ఆయన నవ్వి, బీరువాలోంచి పుస్తకం తీసి, పేజీలు తిప్పి చూపించారు. "ఇదిగోనండి, దొరికింది. మీ కంప్యూటరు కన్నా ముందే దొరికింది" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఇది నా ఆఖరి కాపీ అనుకోండి. ఆ రాసినాయన పోయారు. వాళ్ళబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేసి నాన్నగారి పుస్తకం ఉందా అనడిగేడు, ఫైలుందన్నాను, పంపించేను. తెరుచుకోలేదన్నాడండి" అన్నారు.

అదండీ సంగతి. ఫైలుంది, తెరుచుకోలేదు. ఒకవేళ తెరుచుకున్నా, పిచ్చి గీతలు.

ఒక్కసారి ఆలోచించండి. 1874లో కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని మొదలుపెట్టారు. నూట యాభై ఏళ్ళు దాటింది. ఆ కాలపు కాగితం దొరికితే, చెదలు తినకుండా ఉంటే, నేను చదవగలను, మీరు చదవగలరు. కంటికీ కాగితానికీ మధ్య ఎవరూ లేరు. 1998లో అదే ఊళ్ళో పేజ్‌మేకరులో కంపోజు చేసిన ఫైలుని ఇవాళ చదవాలంటే మధ్యలో ఎక్స్‌పీ, దానికింద వర్చువల్‌బాక్స్, దానికింద విండోస్ 11, దానికింద సరైన జాతి ప్రాసెసరు ఉండాలి. పేకమేడ! ఏ ఒక్క ముక్క జారినా పోయినట్టే. మన తరం అచ్చువేసింది మన ముత్తాతల తరంకన్నా ముందే మాయమయ్యేలా ఉంది.

ఏం పోతుంది పోతే, శుభలేఖలేగా అంటారేమో. గోదావరి జిల్లాల చిన్న ప్రెస్సుల్లో అచ్చయ్యేది శుభలేఖలొక్కటే కాదు. స్థలపురాణాలు, పంచాంగాలు, శతకాలు, ఊరి నాటకాలు, బడి వార్షిక సంచికలు, రిటైరైన మాస్టారు సొంత డబ్బుతో వేసుకున్న కథల పుస్తకం, వ్యవసాయం మీద కరపత్రం. పెద్ద ప్రచురణ సంస్థలు ముట్టుకోనివి, ఇంకెక్కడా రెండో కాపీ లేనివి. మన యాస, మన తిట్లు, మన వంటల పేర్లు ఉన్నది వాటిలోనే. ఇవాళ వెతుకులాట యంత్రాలైనా, తెలుగు నేర్చుకుంటున్న కృత్రిమ మేధ అయినా చదవగలిగేది యూనికోడు పాఠాన్నే. నెట్టులో తెలుగు తక్కువుందని మనమే వాపోతాం. తక్కువేం లేదు. గళ్ళలో ఇరుక్కుపోయి ఉంది. కళ్ళు లేనివాళ్ళ సంగతి ఎవరైనా అనుకున్నారా? తెర చదివే సాఫ్ట్‌వేరుకి యూనికోడు తెలుగిస్తే చదివి వినిపిస్తుంది. పాత ఫాంటు ఫైలిస్తే పౌండు గుర్తులు చదువుతుంది.

ఇప్పుడు అడ్డుపుల్లల సంగతి చూద్దాం.

"కన్వర్టర్లు తప్పులు చేస్తాయి." చేస్తాయి. కంటికి కనిపించే వరుస వేరు, యూనికోడులో దాచే వరుస వేరు. వత్తులు, దీర్ఘాలు తారుమారవుతాయి. అయితే ఇది పరిష్కారం లేని లెక్కేం కాదు. 2000ల్లోనే మనవాళ్ళు ఫైర్‌ఫాక్సుకి పద్మ అనే పొడిగింత రాసి, రకరకాల పత్రికల ఫాంట్లని చూస్తుండగానే యూనికోడు చేసి చూపించారు. 2017లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి ఆ పాత తరహా పొడిగింతలకి మంగళం పాడింది గానీ, ఆ విద్య పోలేదు. ఒక పట్టిక, కొన్ని నియమాలు. కాలేజీ కుర్రాడు చేయగల పని. మిగిలిన తప్పులు దిద్దడానికి ప్రూఫు చూసేవాళ్ళు కావాలి. రాజమండ్రిలో ప్రూఫ్‌రీడర్లకి కరువా?

"యూనికోడు ఫాంట్లు అచ్చుకి బాగోవు." 2005లో అంటే ఒప్పుకునేవాణ్ణి. సిలికానాంధ్ర వాళ్ళు రామభద్ర, మండలి, గురజాడ, సూరన్న లాంటివి ఉచిత లైసెన్సుతో విడుదల చేసి పదేళ్ళు దాటింది. ఇండిజైనుకి తెలుగు వచ్చు. డబ్బు పెట్టలేమంటే స్క్రైబసు ఉంది, 2024లో వచ్చిన 1.6తో మన వత్తులూ గుణింతాలూ సరిగ్గా పేర్చే స్థిర వెర్షను చేతికొచ్చింది. ఇంకా అందం చాలదంటారా? ఫాంట్లు చేయించుకుందాం. అందం కోసం అక్షరాన్ని చంపుకుంటామా?

"స్కాన్ చేసి ఓసీఆర్ కొడితే సరి." కాగితం మాత్రమే మిగిలిన పుస్తకానికి అదే దారి. కానీ టైపు చేసిన ఫైలు చేతిలో పెట్టుకుని, దాన్ని ప్రింటు తీసి, మళ్ళీ ఫోటో తీసి, అందులో అక్షరాలు ఊహించమని యంత్రాన్ని బతిమాలడం ఏంటి? పూతరేకుల్ని నీళ్ళలో నానబెట్టి మళ్ళీ బియ్యప్పిండి తీసినట్టుంటుంది.

"వాళ్ళకి కొత్త కీబోర్డు నేర్పేదెవరు?" ఇదొక్కటే న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వాళ్ళని మార్చడం కాదు. వాళ్ళ వేళ్ళకి అలవాటైన అమరికతోనే యూనికోడు టైపయ్యే కీబోర్డు తయారుచేసి ఇవ్వడం. అమరిక వేరు, ఎన్‌కోడింగు వేరు అని మనకి తెలుసు, వాళ్ళకి తెలియక్కర్లేదు.

మరి వర్చువల్ మెషీను వద్దా? వద్దనడం లేదు. అది లేకపోతే ఈ పనే కాదు. దాన్ని వాడాల్సిన పద్ధతిలో వాడమంటున్నాను.

మొదట, పాత మెషీను చచ్చేలోపు దాని హార్డ్ డిస్కుని మొత్తం ఇమేజిగా తీయండి. ఒక లైవ్ లినక్స్ పెన్‌డ్రైవు, ఒక డీడీ కమాండు, కొన్ని గంటల ఓపిక చాలు. దాన్ని వర్చువల్‌బాక్స్ డిస్కుగా మార్చి నడపొచ్చు. బూటవ్వగానే నీలం తెర వస్తే కంగారు పడకండి, ఎక్స్‌పీకి సాటా డ్రైవరు ఉండదు, కంట్రోలరుని ఐడీఈకి మారిస్తే చాలాసార్లు లేస్తుంది. లైసెన్సు ఆ ప్రెస్సుదే అయి ఉండాలి, ఎక్కడిదో దొంగ కాపీ తెచ్చి పెట్టకండి. నెట్‌వర్కు పీకేయండి. 2014 తర్వాత మామూలు మద్దతే లేని ఓఎస్‌కి ఇంటర్నెట్టు ఎందుకు? స్నాప్‌షాటు తీసుకోండి. ఇది అటక ఎక్కించడం.

తర్వాత దించడం. పేజ్‌మేకరులోంచి ఒక్కో పుస్తకం పాఠాన్నీ బయటికి ఎగుమతి చేయండి, పక్కనే పీడీఎఫ్ కూడా తీయండి. పాఠాన్ని మార్చండి, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ప్రూఫు చూడండి. మూల ఫైలు, పీడీఎఫ్, యూనికోడు పాఠం, మూడూ రెండు మూడు చోట్ల దాచండి. రచయిత, లేదా ఆయన వారసులు ఒప్పుకుంటే అందరికీ అందుబాటులో పెట్టండి. ప్రూఫు చూసినవాళ్ళకి డబ్బులివ్వండి. సేవ అని చెప్పి ఊరికే చేయించుకోకండి. మన జీతాల్లో అదెంత?

అన్నిటికన్నా ముఖ్యం, ఆ వర్చువల్ మెషీను పేరులోనే ముగింపు తేదీ రాయండి. ఆలోపు ఫైళ్ళన్నీ దిగాలి. ఆ తర్వాత దాన్ని తెరిచేది అనుమానం వచ్చి సరిచూసుకోడానికే.

రాజమండ్రిలో హేవలాక్ వంతెన 1900 నుంచి దాదాపు వందేళ్ళు రైళ్ళని మోసింది. పక్కన కొత్తది కట్టాక, 1997లో విశ్రాంతినిచ్చారు. ఇప్పటికీ అక్కడే ఉంది, మనం ఇష్టంగా చూసుకుంటాం. కొత్త వంతెన మీద పాత వంతెనని నిలబెట్టి దానిమీద రైలు నడుపుదాం అని ఏ ఇంజనీరూ అనలేదు. వాళ్ళూ ఇంజనీర్లే, మనమూ ఇంజనీర్లమే.

విదేశాల్లో సభలు పెట్టి తెలుగు వెలగాలి అని బ్యానర్లు కడుతున్నాం. ఆ బ్యానరు డిజైను ఫైలు ఏ ఎన్‌కోడింగులో ఉందో ఒకసారి తెరిచి చూడండి :)

మీకు తెలిసిన ప్రెస్సు ఒక్కటి. దాంట్లో పుస్తకాలు పది. ఒక్కొక్కళ్ళం అంత చేస్తే చాలు. చేయలేం, తీరిక లేదు అంటారా, సరే. కానీ ఆ ఎక్స్‌పీ తెర చూపించి "అయిపోయిందండీ" అని మాత్రం అనకండి. అవలేదు.